పింగ్ ఎక్కువున్నోడికి ట్యాంకా, హీలరా: ఏది మేలు?

తిరుపతి హాస్టల్ కుర్రోళ్లు నలుగురు కలిసి ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్‌లో పార్టీ (జట్టు) కట్టాలంటే పంచాయితీ వచ్చేది ఒక్క దగ్గరే. శత్రువుల దెబ్బలు తన మీద వేసుకునే ట్యాంక్ ఒకడు, గాయాలు మాన్పే హీలర్ ఒకడు, కొట్టేవాళ్లు ఇద్దరు. ఆ కొట్టే సీట్లు రెండూ ముందే నిండిపోతాయి. మిగిలిన ఇద్దరిలో ఎవడి నెట్ నత్తనడకో వాడితో "నువ్వు హీలర్ తీసుకో మామా, వెనకాల నిలబడి నొక్కడమే కదా" అంటారు. నాకు పేచీ ఇక్కడే. నెట్ బాగాలేనోడికి ఇవ్వాల్సింది ట్యాంక్. హీలర్ కాదు.

ఈ గేమ్ సర్వర్లు జపాన్, అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో ఉన్నాయి. ఇట్లాంటిదే ఇంకో గేమ్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కూ ఇండియాలో సర్వర్ లేదు. కొర్లగుంటలో కూర్చుని ఆడినా, చిత్తూరులో కూర్చుని ఆడినా మన నొక్కుడు సముద్రం దాటాల్సిందే. పింగ్, అంటే ఆ నొక్కుడు సర్వర్‌కు పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, నిలకడగా 200 ఉంటే చేతికి అలవాటైపోతుంది. పక్క రూములో ఎవడో సినిమా డౌన్‌లోడ్ పెట్టగానే అది 800కు ఎగిరి దిగుతుంది చూడండి, చంపేది అదీ.

రంగంపేట పశువుల పండగలో గిత్త ఎవడి మీదికి తిరిగితే వాడు దాన్ని చూసుకోవాల, ఆ సందులో మిగతావాళ్లు కొమ్ముల పలకలు లాక్కుంటారు. గేమ్‌లో శత్రువు ఒకడి మీదికి తిరగడాన్ని ఆగ్రో అంటారు, అదీ అంతే. గేమ్‌లో గిత్త ఎవడి మీదికి తిరగాలో లెక్క ఉంటుంది, దాని పేరు థ్రెట్. వార్‌క్రాఫ్ట్ పాత రూపమైన క్లాసిక్‌లో ట్యాంక్ థ్రెట్ 1000 ఉందనుకోండి. పక్కనే నిలబడి పొడిచే రోగ్ 1100 దాటితే ఆగ్రో వాడిది. దూరంగా నిలబడి మంత్రాలేసే మేజ్‌కి 1300 దాకా వెసులుబాటు. అంటే ట్యాంక్ పని ముందుగా చేసి పెట్టుకునే పని. మొదటి పది సెకన్లలో థ్రెట్ బాగా పోగేసుకుంటే, తర్వాత అర సెకను ఆలస్యమైనా కొంపలు మునగవు. ఫైనల్ ఫాంటసీలో ఇంకా తేలిక: ట్యాంక్ స్టాన్స్ (థ్రెట్ పెంచే మోడ్) ఆన్ చేసి, గుంపు మొత్తానికి తగిలే దెబ్బలు వేస్తూ పోతే ఆగ్రో దానంతటదే అంటుకుని ఉంటుంది. చేయి జారితే శత్రువును మళ్లీ తన వైపు తిప్పుకునే ప్రొవోక్ ఉండనే ఉంది.

హీలర్‌ది అట్లా కాదు. హెల్త్ బార్ పడిపోయింది మనకు కనపడేదే ఆలస్యంగా. నొక్కింది చేరేది ఇంకా ఆలస్యంగా. క్లాసిక్‌లో ప్రీస్ట్ అనే హీలర్ పెద్ద హీల్‌కు 3 సెకన్లు కాస్టింగ్ (మంత్రం పూర్తయ్యే సమయం). ఈ మూడూ కలిసేసరికి ట్యాంక్ నేలమీద ఉంటాడు.

పైగా హీల్‌కూ థ్రెట్ ఉందని చాలామంది పట్టించుకోరు. క్లాసిక్‌లో 1000 హీల్ చేస్తే 500 థ్రెట్. అది పోరులో ఉన్న శత్రువులందరికీ సమానంగా పంచుతారు. ఐదుగురుంటే తలా 100. ట్యాంక్ నలుగురినే కొట్టి ఐదోవాణ్ణి తాకకపోతే, ఆ ఐదోవాడి లెక్కలో ట్యాంక్‌ది దాదాపు సున్నా, హీలర్‌ది 100. వాడు నేరుగా కవచం లేక గుడ్డ చొక్కా వేసుకున్న ప్రీస్ట్ మీదికి వస్తాడు. అప్పుడు వెనక్కి పరిగెత్తకూడదు. ట్యాంక్ ఉన్న చోటికే పరిగెత్తాల. నిండి ఉన్న బార్ మీద పోసిన హీల్‌కు మాత్రం థ్రెట్ రాదు, మనా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) దండగ.

హీలరే కావాలని పట్టుబట్టేవాడికి ఒక దారి ఉంది. ఫైనల్ ఫాంటసీలో వైట్ మేజ్ అనే హీలర్ వద్దు, స్కాలర్ లేదా సేజ్ తీసుకోమనండి. దెబ్బ పడకముందే షీల్డ్ వేసి పెట్టే క్లాసులు (పాత్ర రకాలు) అవి. బాస్ పెద్ద దెబ్బకు కాస్ట్ బార్ కనపడగానే షీల్డ్ వేసేస్తే పింగ్ ఎంతున్నా సరే.

బార్డ్, డాన్సర్ లాంటి, జట్టు బలం పెంచే బఫ్ క్లాసుల మాట అడుగుతారేమో. నెట్ మరీ అధ్వానమైతే అవే నయం, బఫ్ ఒక సెకను ఆలస్యమైతే ఎవడూ చావడు. కానీ నలుగురి పార్టీలో అవి కొట్టేవాళ్ల సీటులోనే కూర్చోవాల. మళ్లీ పంచాయితీ మొదటికే.

ట్యాంక్‌లో కష్టం లేదని కాదు. దారి వాడికే తెలిసి ఉండాల, ఎంతమందిని ఒకేసారి లాగాలో వాడే తేల్చాల. తిట్లూ వాడికే. మొహమాటస్తుడికి ట్యాంక్ అంటగడితే ప్రతి మూల దగ్గరా నిలబడి "పోదామా అన్నా?" అని అడుగుతుంటాడు. అట్లాంటోడికి నెట్ ఎంత నత్తనడకైనా షీల్డ్ హీలరే మేలు.

ఇక కరెంటు. పింగ్‌ను ట్యాంక్ తట్టుకుంటాడు గానీ డిస్‌కనెక్ట్‌ను తట్టుకోలేడు. వాడు అటు పడిపోగానే థ్రెట్ లెక్కలో రెండో పేరు ఎవరిదో వాడి మీద గుంపంతా పడుతుంది. హీలర్ పోతే కనీసం ఆ ఒక్క పోరైనా ఈడ్చుకురావచ్చు. అందుకని ఎండాకాలం సాయంత్రం గాలివాన ముసురుకుంటున్నప్పుడు పార్టీ కడుతుంటే పింగ్ అడక్కండి. రూటర్ కూడా ఇన్వర్టర్ మీద ఉన్నోడు ఎవడో అడిగి, ట్యాంక్ వాడికి ఇవ్వండి.