నలుగురు కూర్చుంటే ఏ పజిల్ మేలు?

"భోజనాలయ్యాక నలుగురైదుగురం కూర్చుంటాం, మంచి పజిల్ ఒకటి చెప్పండి" అని తరచూ అడుగుతున్నారు. అడిగేవాళ్లలో చాలామంది ఆలోచించేది అది ఎంత కష్టమైనదా అని. ఒంటరిగా చేసేటప్పుడు అది సరే. గుంపులో అయితే నేను ముందుగా చూసేది వేరు: ఒకరికి జవాబు తట్టేశాక మిగతావాళ్లకి చేయడానికి పని మిగులుతుందా?

పులి, మేక, గడ్డిమోపు లాంటివి ఇక్కడే ఆగిపోతాయి. మేకను మళ్లీ వెనక్కి తేవాలని ఒకరి నోట వచ్చిందంటే పడవ ఏడుసార్లు దాటడం ఎలాగో అందరికీ తెలిసిపోతుంది. వంతెన లెక్క కొంత నయం. ఒకే టార్చి ఉంది, ఒకసారికి ఇద్దరే దాటాలి, నలుగురికి 1, 2, 5, 10 నిమిషాలు పడుతుంది. చురుకైనవాడే ప్రతిసారీ టార్చి వెనక్కి తెస్తే 19 నిమిషాలవుతుంది. నిదానంగా నడిచే ఇద్దరినీ కలిపి పంపితే 17 చాలు. అయితే ఆ కలిపి పంపడం అన్నది తట్టిన తర్వాత దీనికీ అదే గతి. పొడుపు కథలు పిల్లలు ఉంటే బాగుంటాయి. సుడోకు గుంపుకి పనికిరాదు, పెన్సిలు ఒకరి చేతిలోనే ఉంటుంది.

అవును–కాదు ప్రశ్నలతో కథ విప్పే ఆటలు రైలు ప్రయాణంలో, ఆరేడుగురు ఉన్నప్పుడు బాగా నడుస్తాయి. కాగితం అక్కర్లేదు. చెప్పేవాళ్లు "అవును, కాదు, సంబంధం లేదు" అన్న మూడు మాటలకే కట్టుబడాలి. అడిగినవాళ్లు దిగాలుపడ్డారని సూచన ఇచ్చారంటే ఆట పోతుంది.

ఇక గట్టి పోటీదారులు మూడు.

మొదటిది అయిదిళ్ల పజిల్. అయిదు రంగుల ఇళ్లలో అయిదు దేశాలవాళ్లుంటారు, ఎవరిది ఏ ఇల్లు, ఎవరు ఏం తాగుతారు, ఏ జంతువును పెంచుతారు అన్నది ఆధారాలను బట్టి తేల్చాలి. వాట్సాప్‌లో ఐన్‌స్టీన్ పేరుతో తిరుగుతుంటుంది. ఆయన రాశాడనడానికి ఆధారం లేదు. 1962 డిసెంబరు 17న లైఫ్ ఇంటర్నేషనల్ పత్రికలో అచ్చయిన రూపంలో 15 వాక్యాలుంటాయి. నీళ్లు తాగేదెవరు, జీబ్రా ఎవరిది అన్నవి ప్రశ్నలు. "ఇళ్లు అయిదు" అన్న మొదటి వాక్యం వదిలేస్తే 14 ఆధారాలు మిగులుతాయి. వాటిని 14 చీటీలుగా కత్తిరించి పంచండి. ఎవరి చీటీ వాళ్లు చదవచ్చు, పక్కవాళ్ల చేతికి ఇవ్వకూడదు. ఇలా చేస్తే పెన్ను పట్టినవాళ్లే ఆడేసే బాధ తప్పుతుంది. నార్వే మనిషి మొదటి ఇంట్లో, నీలం ఇల్లు రెండోది, పాలు మధ్య ఇంట్లో అన్నవి వెంటనే కుదురుతాయి. ఆకుపచ్చ ఇల్లు దంతపు రంగు ఇంటికి ఆనుకుని కుడివైపున ఉంటుంది కాబట్టి ఆ రెండూ మొదటి ఇంటికి రావు. ఎరుపు ఇల్లు ఇంగ్లీషు మనిషిది. కాబట్టి మొదటి ఇంటికి మిగిలింది పసుపు. ఇంతవరకు అందరూ హుషారుగా ఉంటారు. ఆ తర్వాత ఎక్కడో ఒక ఊహని ఖాయం అనుకుని రాసేస్తారు, అది తప్పని తేలడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అందుకే ఊహలను పెన్సిలుతో, ఖాయమైనవాటిని పెన్నుతో రాయండి. "కుడి" అంటే కాగితం చూసేవాళ్ల కుడి అని ముందే అనుకోండి. ఓపికున్న ఇద్దరు ముగ్గురికి ఇది మంచిదే. అయిదుగురైతే చివరి పది నిమిషాలు ఇద్దరే ఆడతారు.

రెండోది 12 నాణేల తూకం. ఒకటి నకిలీ, బరువు ఎక్కువో తక్కువో తెలియదు. త్రాసుతో మూడే తూకాల్లో అది ఏదో, ఎక్కువో తక్కువో చెప్పాలి. నిజం నాణేలు బల్ల మీద పరవండి, ఒక్కోదానికీ కాగితం ముక్క అంటించి నంబరు వేయండి. జవాబు తెలిసినవాళ్లు ఒకరుంటే ఆటలోంచి తప్పించకండి, వాళ్లనే త్రాసు చేయండి. నకిలీ నాణెం ముందే అనుకోనక్కర్లేదు. ప్రతి తూకంలోనూ ఎక్కువ అవకాశాలు మిగిలే వైపు చూపిస్తూ పోతే చాలు, తప్పు దారి పట్టినవాళ్లకి అదృష్టం కలిసిరాదు.

ఇందులో నాకు నచ్చేది మొదటి తూకం గురించి జరిగే వాదన. అవకాశాలు 24, ఎందుకంటే 12 నాణేల్లో ప్రతిదీ ఎక్కువైనా కావచ్చు, తక్కువైనా కావచ్చు. ఒక్కో తూకానికి ఫలితాలు మూడే కనుక రెండు తూకాలు మిగిలినప్పుడు తేల్చగలిగేది తొమ్మిదింటినే. ఆరు–ఆరు పెడితే ఎటు వాలినా 12 మిగులుతాయి. అయిదు–అయిదు పెట్టి త్రాసు వాలితే 10. మూడు–మూడు పెట్టి సమానమైతే 12. నాలుగు–నాలుగుకి మాత్రం ఏ ఫలితం వచ్చినా ఎనిమిదే. ఈ లెక్క ఒకరు చెప్పినా పని అయిపోదు, రెండో తూకం ఇంకా ఉంది. 1, 2, 3, 4ని 5, 6, 7, 8తో తూస్తే 1, 2, 3, 4 ఉన్న వైపు దిగిందనుకోండి. ఇప్పుడు 1, 2, 5 ఒక పక్క, 3, 6, 9 మరో పక్క పెట్టాలి. సమానమైతే 4 బరువైనా కావచ్చు, 7, 8ల్లో ఒకటి తేలికైనా కావచ్చు, కనుక 7ని 8తో తూస్తే తేలిపోతుంది. మిగతా ఫలితాలు వస్తే ఏం చేయాలో ఒక్కొక్కరికి ఒకటి పంచేయండి. ముగ్గురు నలుగురికి చేతినిండా పని ఉంటుంది.

అయినా మీ గుంపు అయిదుగురికి తగ్గకపోతే నా ఓటు మూడోదానికే: వరసలో నిలబడి ఆడే ఎరుపు–నలుపు. మొదటి రెండింటినీ ఒకరైనా కూర్చుని విప్పుకోవచ్చు. దీన్ని ఆడాలంటే గుంపు ఉండాల్సిందే, పైగా ఉపాయం తట్టినవాళ్లు అందరికీ అర్థమయ్యేలా చెప్పకపోతే ఓడిపోతారు.

పేకముక్కలు, బట్టల క్లిప్పులు చాలు. అయిదుగురు మేడమెట్ల మీద కిందికి చూస్తూ ఒకరి వెనక ఒకరు నిలబడాలి. మెట్లు ఎందుకంటే, నేల మీద నిలబడితే ముందున్న వీపు మిగతావాళ్లను కప్పేస్తుంది. ఆడించేవాళ్లు కలిపిన పేకలోంచి అందినట్టు ముక్కలు తీసి వెనక కాలరుకి తగిలిస్తారు. ఎవరి ముక్క వాళ్లకి కనపడదు, ముందున్నవన్నీ కనపడతాయి. పై మెట్టు నుంచి ఒక్కొక్కరు తమ రంగు చెప్పాలి. ఒకే మాట, ఒకే గొంతు. ముక్కలు సరిసమానంగా ఏరి పెట్టకండి, మొత్తం ఎన్ని ఎరుపులో తెలిస్తే ఉపాయంతో పనే ఉండదు.

నిలబడేముందు పావుగంట మాట్లాడుకోనివ్వండి. మొదట వచ్చే ఆలోచన, ఒకరు తన ముందువాళ్ల రంగు చెప్పడం, వాళ్లు అదే తిరిగి చెప్పడం. అలా అయిదుగురిలో ఇద్దరికి ఖాయం. అసలు ఉపాయంతో నలుగురికి ఖాయం. పై మెట్టు మనిషి తనకు కనపడే ఎరుపులు బేసి అయితే "ఎరుపు", సరి అయితే "నలుపు" అంటారు. పై నుంచి కిందికి మిగతా నలుగురి ముక్కలు ఎరుపు, నలుపు, ఎరుపు, ఎరుపు అనుకోండి. మూడు బేసి, కాబట్టి "ఎరుపు". రెండో మనిషికి కనపడేవి రెండు ఎరుపులే, బేసి కావాలంటే తనది ఎరుపు. మూడో మనిషి ఆ ఎరుపు తీసేస్తే మిగలాల్సింది సరి సంఖ్య. ముందు రెండు కనపడుతున్నాయి కనుక తనది నలుపు. ఇలాగే కింది మెట్టు దాకా.

ఎక్కువగా తప్పేది ఒక్కచోటే. పై మెట్టు నుంచి వచ్చిన "ఎరుపు"ని కూడా ఒక ముక్కగా లెక్కేసేస్తారు. అది ముక్క కాదు, లెక్క. మధ్యలో ఒకరు తడబడితే వాళ్ల వెంటనే కింద ఉన్న మనిషిదీ తప్పవుతుంది, అందుకే మొదటిసారి వేళ్ల మీద లెక్కపెట్టుకోనివ్వండి: వెనక నుంచి ఎరుపు వినపడినప్పుడల్లా వేలు ముడవడం, తెరవడం.

ఇది చేతికి వచ్చాక రంగులు వదిలేసి ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అన్న నాలుగు జాతులతో ఆడండి. వాటికి 0, 1, 2, 3 విలువ ఇచ్చి, పై మెట్టు మనిషి కనపడేవన్నీ కూడి, నాలుగుతో భాగిస్తే మిగిలే శేషానికి తగ్గ జాతి పేరు చెప్పాలి. మిగతా నలుగురికీ అప్పుడు కూడా ఖాయమే.