జపాన్ యాత్రలో మాస్కు: ఎక్కడ కావాలి, ఎక్కడ దండగ

జపాన్‌లో మాస్కు ఇప్పుడు నిబంధన కాదు. పెట్టుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిదని 2023 మార్చి 13 నుంచి ప్రభుత్వమే వదిలేసింది. అదే ఏడాది మే 8న కోవిడ్‌ను మామూలు ఫ్లూ ఉండే వర్గంలోకి దించింది. అయినా టోక్యోలో రైలెక్కితే ఏ నెలలోనైనా మాస్కులు కనిపిస్తాయి. వాళ్లంతా రోగభయంతో పెట్టుకున్నారనుకోవద్దు. పుప్పొడి పడనివాళ్లు, జలుబు పక్కవాళ్లకు అంటించకూడదనుకునేవాళ్లు, మేకప్ వేసుకునే తీరిక లేక బయల్దేరినవాళ్లు, రాత్రి బస్సులో గొంతు ఎండకుండా చూసుకునేవాళ్లు, ఇలా ఎవరి అవసరం వాళ్లది. అందుకే యాత్రికులు కూడా ఊరినీ నెలనూ బసనూ బట్టి తేల్చుకోవాలి.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది చెర్రీ పూల కోసం, మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో. సరిగ్గా అప్పుడే సుగి (జపాన్ సెడార్) చెట్ల పుప్పొడి తగ్గుముఖం పట్టి, హినోకి (జపాన్ సైప్రస్) చెట్ల పుప్పొడి అందుకుంటుంది. సుగి ఫిబ్రవరి నుంచే మొదలు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కలప కోసం కొండలకు కొండలు ఈ చెట్లే నాటారు. అవి ఎదిగాక వసంతమంటే దేశంలో చాలామందికి ముక్కు కారే కాలమైంది. సుగి పుప్పొడి జబ్బు గురించి వైద్యులు మొదట రాసింది 1964లో, అదీ టోక్యోకు ఉత్తరాన ఉన్న ఆలయాల ఊరు నిక్కోలో చూసిన రోగుల గురించి. నిక్కో ఆలయాలకు వెళ్లే పాత దారుల వెంట 17వ శతాబ్దంలో నాటించిన సుగి వరసలు దాదాపు 35 కిలోమీటర్లు ఉన్నాయి. తుమ్ములు, ఆయాసం ఉన్నవాళ్లు మార్చిలో నిక్కోకు పోకుండా అక్టోబరులో ఆకులు ఎర్రబడ్డాక వెళ్తే చెట్లూ దక్కుతాయి, ముక్కూ దక్కుతుంది.

కొండమీది బౌద్ధ ఆలయాల ఊరు కోయసాన్ విషయంలో కాస్త ఆలోచించాలి. అక్కడి ఆలయ బసల్లో మాంసం, చేపలు లేని షోజిన్ భోజనం పెడతారు కాబట్టి శాకాహారులకు జపాన్‌లో ఇంత నిశ్చింతగా తినే చోటు అరుదు. కానీ ఒకునోయిన్ సమాధుల దారి రెండు కిలోమీటర్లూ ముసలి సుగి చెట్ల కిందే. గదులు పాత చెక్క కట్టడాలు, తలుపులు జరిపేవి, సందుల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది. వసంతంలో వెళ్తే ఒకునోయిన్‌లోనూ, తెల్లవారుజాము పూజలోనూ మాస్కు ఉంచుకోవడం మేలు. పూజలో మాస్కుకు ఎవరూ అభ్యంతరపెట్టరు.

సుగి పుప్పొడి నుంచి తప్పుకోవాలంటే దక్షిణపు దీవులు ఒకినావా. అక్కడ సుగి దాదాపు లేదు. ఉత్తరపు దీవి హొక్కైడోలో దక్షిణపు కొసన తప్ప పెద్దగా ఉండదు గానీ, మే, జూన్‌లలో అక్కడ బర్చ్ చెట్ల పుప్పొడి ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు మరీ కంగారుపడక్కర్లేదు. శరీరానికి ఒక పుప్పొడి పరిచయమై, దానిమీద అలర్జీ పెరగడానికి సాధారణంగా కొన్ని సీజన్లు పడుతుంది. టోక్యో నిషికసాయిలో కాపురం పెట్టిన మన ఐటీ కుటుంబాల్లో మొదటి వసంతం హాయిగా గడిచినవాళ్లకు కూడా తర్వాతి ఏళ్లలో ఇది మొదలవ్వచ్చు. వాన పడిన మర్నాడు ఎండ కాసి గాలి వీస్తే పుప్పొడి ఎక్కువ. రోజులో మధ్యాహ్నం ప్రాంతంలోనూ, పొద్దుగూకాకానూ జాగ్రత్తపడాలి.

అగ్నిపర్వతాల లెక్క వేరు. కగోషిమాలో బూడిద పడుతుంది. సకురాజిమా అగ్నిపర్వతం ఊరికెదురుగా సముద్రపు పాయకు అవతలే, ఫెర్రీలో 15 నిమిషాల దూరం. వేసవిలో గాలి ఊరివైపు తిరుగుతుంది కాబట్టి అప్పుడు బూడిద ఊళ్లో పడే అవకాశం ఎక్కువ. ఇక్కడ మాస్కు నిజంగా పనిచేస్తుంది. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లద్దాలు పెట్టుకోవాలి, బూడిద రేణువులు గాజుపొడి బాపతు. హకోనేలోని ఓవకుదాని లోయలో, అసో అగ్నిపర్వతం బిలం దగ్గర మాత్రం మాస్కు దండగ. అక్కడ వచ్చేవి గంధకపు వాయువులు. మాస్కు వడకట్టేది రేణువుల్నే, వాయువును కాదు. మూడు మాస్కులు ఒకదానిమీద ఒకటి వేసినా అంతే. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు పోవద్దని అక్కడ బోర్డులు పెట్టింది అందుకే. గాఢత పెరిగితే హకోనే రోప్‌వే, అసో బిలం దారి మూసేస్తారు. కాబట్టి ఆ రోజుకు ఇంకో చోటు కూడా అనుకుని బయల్దేరాలి.

రైళ్ల దగ్గర మనవాళ్లు మాస్కు గురించి అనవసరంగా మథనపడతారు, అసలు సంగతి వదిలేస్తారు. సిటీ రైల్లో మాస్కు లేనందుకు ఎవరూ ఏమీ అనుకోరు. ఫోన్ ఎత్తి "ఆ, చెప్పరా" అంటే మాత్రం పెట్టె మొత్తం ఉలిక్కిపడుతుంది. ఎవరూ నోరు తెరిచి అనరు, అంతే. ఫోన్‌ను శబ్దం రాకుండా పెట్టాలి, వీపు బ్యాగును ముందుకు తగిలించుకోవాలి, దగ్గు వస్తుంటే మాస్కు వేయాలి. దగ్గుతూ మాస్కు లేకపోవడమే అక్కడ మొరటుతనం కింద లెక్క. గట్టిగా ముక్కు చీదడం కూడా అంతే, టాయ్‌లెట్‌కు వెళ్లి చీదుకోవాలి. మాటిమాటికీ ముక్కు ఎగబీల్చడం మాత్రం వాళ్లు పట్టించుకోరు, మనకెంత చిరాకేసినా.

షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో డబ్బా భోజనం తినడం మామూలే, కాబట్టి మాస్కు తీయడమూ మామూలే. ఫోన్ మాట్లాడాలంటే పెట్టెల మధ్య వాకిలి దగ్గరకు వెళ్లాలి. టోక్యో-ఒసాకా మార్గంలో 2023 అక్టోబరు తర్వాత తోపుడు బండి అమ్మకం ఆపేశారు, నీళ్లు స్టేషన్‌లోనే కొనుక్కోవాలి.

బసల్లో, ముక్కు, గొంతు బాధ ఉన్నవాళ్లకు బిజినెస్ హోటలే మేలు. గది ఇరుకు, కిటికీ చాలాచోట్ల పూర్తిగా తెరుచుకోదు. పుప్పొడి కాలంలో అదే మంచిది. చలికాలంలో హీటర్‌కు గాలి పొడిబారి తెల్లారేసరికి గొంతు పట్టేస్తుంది. గాలిలో తేమ పెంచే యంత్రం చాలా హోటళ్ల రిసెప్షన్‌లో అడిగితే ఇస్తారు. కొన్నే ఉంటాయి కాబట్టి గది తాళం తీసుకునేటప్పుడే అడగాలి. లేదంటే తడి టవల్ ఆరేసి పడుకోవాలి. గొంతు కోసం తడి పట్టీ ఉన్న రాత్రి మాస్కులు మందులషాపుల్లో దొరుకుతాయి. మనిషి పడుకునేంత అరలే గదులుగా ఉండే క్యాప్సూల్ హోటల్ చవకే గానీ, దగ్గున్నవాళ్లకు వద్దు. తెర ఒక్కటే అడ్డం, రాత్రంతా ఆ వరసలో ఎవరికీ నిద్ర ఉండదు. ర్యోకాన్ అనే సంప్రదాయ సత్రంలో బయట తిరిగిన కోటు గదిలోకి తేకుండా వాకిట్లోనే దులిపి తగిలించాలి. పరుపు నేలమీదే, దులపకుండా తెస్తే పుప్పొడి దానిమీద పడుతుంది. వేడినీటి స్నానాల్లో మాస్కు ఉండదు. జ్వరం, దగ్గు ఉంటే స్నానమే మానుకోవాలి.

మాస్కులు ఇక్కణ్నుంచి మోసుకెళ్లనక్కర్లేదు. చవక వస్తువుల దుకాణం డైసోలో పన్నుతో 110 యెన్లకు చిన్న ప్యాకెట్ వస్తుంది. 30 మాస్కుల డబ్బాకు మత్సుమోతో కియోషి, వెల్సియా లాంటి మందులషాపులు నయం. సెవెన్ ఎలెవెన్, లాసన్ లాంటి రాత్రింబవళ్లు తెరిచుండే షాపులు అర్ధరాత్రి అక్కరకు పనికొస్తాయి గానీ ధర ఎక్కువ. పొరపాటు జరిగేది సైజు దగ్గర. బొటనవేలు, చూపుడువేలు ఎల్ ఆకారంలో చాచి, బొటనవేలి కొన చెవి పైమొదట్లో, చూపుడువేలి కొన ముక్కు మొదలుకు ఒక సెంటీమీటరు కింద ఆనించి, ఆ మధ్య దూరం కొలవాలి. 12 నుంచి 14.5 సెంటీమీటర్లయితే మామూలు సైజు, 10.5 నుంచి 12.5 అయితే చిన్నది, 14 దాటితే పెద్దది. మగవాళ్లు చిన్న సైజు కొంటే బుగ్గల దగ్గర సందు ఉండిపోతుంది. డబ్బామీద రాసే 99 శాతం వడపోత అన్నది మాస్కు గుడ్డకు చేసిన పరీక్ష ఫలితం, ముఖానికి కాదు. గాలి సందుల్లోంచే వచ్చేస్తే ఆ అంకెకు అర్థం లేదు. గుబురు గడ్డమున్నా అదే సమస్య. 2021లో వచ్చిన జపాన్ పారిశ్రామిక ప్రమాణం జేఐఎస్ టీ9001 గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. ముక్కుపుడక పెట్టుకునేవాళ్లకు చదునైన మడతల మాస్కు రాసుకుపోతుంది, ముందుకు గూడులా లేచే త్రీడీ రకం తీసుకోవాలి. కళ్లద్దాలు మసకబారితే తీగను ముక్కుకు గట్టిగా నొక్కి, అద్దాలను మాస్కు అంచుమీద ఆనించాలి.

హోటల్లో తినేటప్పుడు మాస్కును బల్లమీద పరచకూడదు, మడిచి చిన్న కవరులో పెట్టాలి. వాడినది పారేయడానికి వీధిలో చెత్తబుట్ట దొరకదు. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ దాడి జరిగాక చాలాచోట్ల తీసేశారు. డ్రింకుల యంత్రం పక్కనుండే బుట్ట సీసాలకూ డబ్బాలకే. కాబట్టి జిప్ కవర్ ఒకటి జేబులో ఉంచుకుని, రాత్రి గదిలోని బుట్టలో వేయాలి. బట్టల షాపు ట్రయల్ గదిలో పల్చటి ముసుగు ఇస్తే అది రోగం కోసం కాదు, మేకప్ చొక్కాకు అంటకుండా తలమీంచి వేసుకోవడానికి.

మాస్కు లేకుండా అడుగుపెట్టకూడనిది ఆసుపత్రి, క్లినిక్, వృద్ధాశ్రమం. ఇప్పటికీ చాలాచోట్ల గుమ్మంలోనే అడుగుతారు. జ్వరం ఉంటే నేరుగా వెళ్లకుండా ముందు ఫోన్ చేయాలి, వేరే సమయమో వేరే ద్వారమో చెప్తారు. భాష రాకపోతే జపాన్ పర్యాటక సంస్థ నడిపే 050-3816-2787 నంబరు 24 గంటలూ ఇంగ్లిష్‌లో సాయం చేస్తుంది. అంబులెన్స్‌కు 119. అలర్జీ మాత్రలు ఇక్కణ్నుంచి తీసుకెళ్లవచ్చు, డాక్టరు రాసిచ్చినవి ఒక నెలకు, చీటీ లేకుండా కొన్నవి రెండు నెలలకు సరిపడా. అయితే సూడోఎఫెడ్రిన్ అనే పదార్థం 10 శాతం దాటిన జలుబు మందులను ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోకపోతే దేశంలోకి రానివ్వరు, డాక్టరు చీటీ ఒక్కటే చాలదు. బయల్దేరే ముందు ప్రతి స్ట్రిప్ వెనకా ఆ పేరుందేమో చూసుకోవాలి.