బ్యాంకాక్‌లో ఉంటూనే రిటైర్మెంట్ వీసా: కాజీపేట నుంచి వెళ్ళిన మా ఏడాదిన్నర అనుభవం

రైల్వేలో చేసి కాజీపేటలోనే రిటైరైన మనిషిని. కొడుకు బ్యాంకాక్‌లో ఉద్యోగం. 2024 సెప్టెంబరులో నేనూ మా ఇంటామె రెండు నెలలుండి వద్దామని పోయి, అక్కడే ఉండిపోయాం. అప్పటి నుంచి తెలిసినవాళ్ళంతా అడిగేది ఒకటే, అక్కడ కూర్చుని రిటైర్మెంట్ వీసా ఎలా తీసుకున్నారు, ఏజెంటుకు ఎంతిచ్చారు అని. ఏజెంటుకు ఏమీ ఇవ్వలేదు. పని అయింది, రెండుసార్లు పొడిగింపు కూడా అయింది. కానీ పడ్డ తిప్పలన్నీ అక్కడి ఆఫీసు వల్ల కాదు, హన్మకొండలో తేల్చుకోకుండా వదిలేసి విమానం ఎక్కిన పనుల వల్ల.

ముందు లెక్క చెప్తాను. 2024 జూలై 15 నుంచి మన పాస్‌పోర్టుకు వీసా లేకుండా 60 రోజులు ఉండనిచ్చారు, మేం దిగింది దానిమీదే. ఈ రోజుల లెక్క మారుతూ ఉంటుంది, టికెట్ కొనేముందు మళ్ళీ చూసుకోండి. యాభై ఏళ్ళు దాటి ఉండి, అక్కడి బ్యాంకులో మన పేరున ఎనిమిది లక్షల బాట్లు ఉంటే నాన్-ఇమ్మిగ్రెంట్ ఓ అనే వీసాకు మార్చుకోవచ్చు. లేదంటే నెలకు 65 వేల బాట్ల ఆదాయం చూపాలి, నా పెన్షన్ దాని దరిదాపుల్లోకి కూడా రాదు. ముందు 90 రోజులు ఇస్తారు, ఫీజు 2,000 బాట్లు. ఆ 90 రోజులు అయిపోయేలోపు ఏడాది పొడిగింపు పెట్టుకోవాలి, దానికి 1,900. ఓ-ఏ అని ఇంకొకటి ఉంది, దాన్ని మన దేశంలోనే పెట్టుకుని వెళ్ళాలి, ఆరోగ్య బీమా తప్పనిసరి. మేం తీసుకున్నదానికి బీమా అడగలేదు. ఈ వయసులో షుగరూ బీపీ ఉన్నవాళ్ళకు ఇది పెద్ద ఊరట.

అసలు మెలిక ఏమిటంటే, చేతిలో ఉన్న 60 రోజుల్లో ఇంకా కనీసం పదిహేను రోజులు మిగిలి ఉండగా దరఖాస్తు పెట్టాలి. అంటే చేతికి వచ్చేది నలభై ఐదు రోజులే, అందులోనే బ్యాంకు ఖాతా తెరవాలి, డబ్బు ఇండియా నుంచి రప్పించాలి. ఖాతా తెరవడానికే రెండు వారాలు పోయింది, వీసా లేనివాళ్ళకు ఇవ్వమని ఒక బ్రాంచి, ఇల్లు ఉన్నట్టు కాగితం తెమ్మని ఇంకో బ్రాంచి. మావాడి అపార్ట్‌మెంట్ ఓనరు మేం ఉంటున్నట్టు ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేసిన రసీదు ఇచ్చాక గానీ పని కదల్లేదు.

ఇక డబ్బు పంపడం. ఎనిమిది లక్షల బాట్లంటే అప్పటి లెక్కన ఇరవై లక్షల రూపాయలు దాటింది, నా గ్రాట్యుటీ దాదాపు మొత్తం. మన ఖాతా ఉన్న బ్రాంచిలో విదేశాలకు పంపే ఏ-2 ఫారం మీద ఒరిజినల్ సంతకం కావాలన్నారు, స్కాన్ కాపీ పనికిరాదట. కాగితం కొరియర్‌లో పంపితే, చేతిలో పట్టుకుని మా బావమరిది మూడుసార్లు తిరిగాడు. పాపం ఒకరోజు వానలో నయీంనగర్ కాడ బండి ఆగిపోతే తోసుకుంటూ పోయాడు, ఇప్పటికీ "బావా, నీ వీసాలో సగం నాది" అంటాడు. దీనికి తోడు ఓటీపీ గోల. అక్కడ దిగగానే లోకల్ సిమ్ వేసి, మన సిమ్ తీసి డబ్బీలో పెట్టాను. రోమింగ్ వేయించలేదు. బ్యాంకు ఓటీపీ పంపుతుంది, నాకు రాదు. వీసా ఆలోచన రవ్వంత ఉన్నా రోమింగ్ వేయించుకుని ఆ సిమ్‌ను ఫోన్లోనే ఉంచండి.

ఇంకొకటి, అప్పటి రూలు ప్రకారం ఏడు లక్షలు దాటిన సొమ్ము మీద 20 శాతం టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను, పట్టుకున్నారు. రెండున్నర లక్షల పైనే కోత పడేసరికి మా ఇంటామె ఆ రాత్రి అన్నం తినలేదు. అది పోయే డబ్బు కాదు, మరుసటి ఏడాది రిటర్న్ వేశాక వెనక్కి వచ్చింది, కానీ అప్పటికప్పుడు ఆ రెండున్నర కూడా చేతిలో ఉండాలి కదా. 2025 ఏప్రిల్ నుంచి ఆ ఏడు లక్షల హద్దును పది చేశారు. సరిగ్గా ఎనిమిది లక్షలకు లెక్కేసి మాత్రం పంపకండి, మధ్యలో బ్యాంకుల ఛార్జీలు పోయి కొంచెం తగ్గితే మళ్ళీ మొదటికొస్తుంది. మేం ఇరవై వేల బాట్లు ఎక్కువే పంపాం.

చెంగ్ వత్తనలోని ఇమ్మిగ్రేషన్ ఆఫీసు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొద్దున్నే వెళ్ళి టోకెన్ తీసుకోవాలి. బ్యాంకు ఉత్తరం, పాస్‌బుక్ తాజాగా ఉండాలి, 4×6 సెంటీమీటర్ల ఫొటో, టీఎం 87 ఫారం. ఇంటికి దారి గీసిన మ్యాప్ కూడా అడిగారు, మావాడు అక్కడే పెన్నుతో గీశాడు. రెండు వారాల్లో స్టాంపు పడింది.

నాది అయింది, మా ఇంటామెది కాలేదు. ఆమె కూడా యాభై దాటిందే, కానీ ఆమె పేరున ఇంకో ఎనిమిది లక్షలు ఎక్కడ తెస్తాం? నామీద ఆధారపడిన భార్యగా పెట్టుకోవచ్చు, దానికి మ్యారేజి సర్టిఫికెట్ కావాలి. మాది 1987లో ధర్మసాగర్‌లో పందిరి కింద జరిగిన పెళ్ళి, అప్పట్లో రిజిస్ట్రేషన్ అనే మాట ఎవరికి తెలుసు. ఆమె రోజులు అయిపోతుంటే 1,900 కట్టి నెల రోజులు పొడిగించుకుని, డిసెంబరు రాకముందే ఇంటికి వచ్చేసింది. నేను జనవరిలో ఏడాది పొడిగింపు తీసుకుని ఫిబ్రవరిలో వచ్చాను, ఎందుకంటే సబ్-రిజిస్ట్రార్ ముందు ఇద్దరమూ నిలబడాలి. శుభలేఖ లేదు. ఉన్నది ఒక్క తలంబ్రాల ఫొటో, ఒక మూల చెదలు తిన్నది. కౌంటర్లో అమ్మాయి ఫొటో చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫొటో చూసి "ఇది మీరేనా సార్" అంది. జుట్టున్నవాణ్ణి నేనే అన్నాను. అఫిడవిట్, సాక్షులు, అన్నీ అయ్యాక పెళ్ళయిన ముప్ఫై ఏడేళ్ళకు సర్టిఫికెట్ చేతికొచ్చింది. దాన్ని ధ్రువీకరణలు చేయించి, థాయ్‌లోకి తర్జుమా చేయించి, అక్కడి విదేశాంగ శాఖ ముద్ర వేయించాక ఆమెకూ వీసా వచ్చింది. సర్టిఫికెట్ ముందే ఉంటే ఈ రాకపోకల ఖర్చంతా మిగిలేది.

ఆ ఫిబ్రవరి ప్రయాణంలోనే ఇంకో గండం తప్పింది. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్ తీసుకున్నాక మావాడు ఫోన్ చేసి "బాపూ, రీ-ఎంట్రీ తీసుకున్నవా?" అన్నాడు. తీసుకోలేదు. తిరిగి రావడానికి ముందే తీసుకోవాల్సిన ఆ పర్మిట్ లేకుండా దేశం దాటితే ఏడాది వీసా అక్కడికక్కడే రద్దవుతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎయిర్‌పోర్టులోనే దానికి కౌంటరుంది, ఒక్కసారికి 1,000 బాట్లు, ఫారం నింపినందుకు పైన కొంత. చెమటలు కారుతుంటే తీసుకున్నాను. పదేపదే వచ్చిపోయేవాళ్ళకు 3,800ది మేలు.

మిగతావి అలవాటైపోతాయి. 90 రోజులకోసారి ఉంటున్న చోటు తెలియజేయాలి, ఆన్‌లైన్‌లో అయిపోతుంది, మరిచిపోతే జరిమానా 2,000. నవంబరులో పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లో ముఖం చూపించి ఇచ్చాను, మూడోసారికి కిటికీ దగ్గర నిలబడితే తీసుకుంది. నాకు అస్సలు నచ్చనిది ఒక్కటే, ఆ డబ్బు. పొడిగింపుకు రెండు నెలల ముందు నుంచి, అయ్యాక మూడు నెలల దాకా ఎనిమిది లక్షలూ ఉండాలి, మిగతా నెలల్లో నాలుగు లక్షలకు తగ్గకూడదు. పేరుకు నాది, కష్టమొస్తే తీసుకోలేను. ఇల్లు కట్టాలన్నా బిడ్డ పెళ్ళి చేయాలన్నా ఆ డబ్బే దిక్కు అనుకునేవాళ్ళు ఈ దారికి రావద్దు. అక్కడ పని చేసి సంపాదించడం కూడా కుదరదు.

రెండో పొడిగింపు గడువు 2026 జనవరిలో పడింది, మేడారం జాతర అదే నెల 28న మొదలు. ఇంటామెకు మొక్కు ఉంది, నిలువెత్తు బంగారం ఇస్తానని. గడువుకు ముందే పెట్టుకోవచ్చు కాబట్టి నెల మొదట్లోనే ఇద్దరిదీ చేయించుకుని జాతరకు వచ్చాం, బెల్లం తూకం వేయించాం. ఈసారి ఎయిర్‌పోర్టు లైన్లో నేను అడగకముందే రెండు పాస్‌పోర్టులూ నా చేతిలో పెట్టింది, రీ-ఎంట్రీ స్టాంపు ఉన్న పేజీల్లో బస్సు టికెట్ ముక్కలు పెట్టి మరీ.