లీవ్ కారణం: ఫ్యామిలీ ఫంక్షన్ (మా స్కూల్ యాప్‌తో నాలుగేళ్లు)

మా వాడు ఇప్పుడు నాలుగో తరగతి. 2022 జూన్‌లో ఒకటో తరగతిలో చేర్పించిన రోజే ఆఫీసులో కూర్చోబెట్టి నా ఫోన్‌లో స్కూల్ యాప్ వేయించారు. హైదరాబాద్‌లో మా వైపు ప్రైవేటు స్కూళ్లలో ఇది లేనివి తక్కువే. పేర్లు వేరు, లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. అందుకే మాది ఏ కంపెనీదో, ఏ స్కూలో చెప్పను. మీ ఫోన్‌లో ఉన్నది దీనికి అన్నో తమ్ముడో అయ్యుంటుంది.

ముందు బాగున్న సంగతి చెప్పేస్తాను. బస్సు ఎక్కడుందో మ్యాప్‌లో కనిపిస్తుంది. ఈ సౌకర్యం రెండో ఏడాది వచ్చింది. అంతకుముందు వాన పడితే గేటు దగ్గర పదిమందిమి గొడుగులు పట్టుకుని నిలబడి, ఒకరి తర్వాత ఒకరు డ్రైవర్‌కి ఫోన్ చేసి ఆయన ప్రాణం తీసేవాళ్లం. ఇప్పుడు బస్సు మలుపు తిరిగాక కిందికి దిగితే సరిపోతుంది. వాన సెలవు కబురు ఉదయం ఆరింటికల్లా వస్తుంది, పిల్లాణ్ని లేపి స్నానం చేయించాక కాదు. ఫీజు కట్టడం, రసీదు దాచుకోవడం సులువు. హోంవర్క్ ఏంటని పక్కింటివాళ్లని అడిగే పనిలేదు. వీటికి వంక పెట్టను.

ఇక మెసేజ్‌లు. మొదటి ఏడాది వచ్చినవన్నీ చదివాను. 'డియర్ పేరెంట్, యువర్ వార్డ్ ఈజ్ ప్రెజెంట్ టుడే.' నేనే బస్సెక్కించాను కదా, ఇంకెక్కడికి పోతాడు! ఫీజు గడువు, యూనిఫాం, ఒలింపియాడ్ ఫీజు, ఫొటోల ఆల్బమ్ (మా వాడు ఎవరి వెనకో సగం చెవి మాత్రమే కనిపిస్తాడు), మళ్లీ ఫీజు. సాయంత్రానికి 'బిహేవియర్' అని ఒక మొహం బొమ్మ వస్తుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. మా వాడికి దాదాపు రోజూ ఆకుపచ్చే. ఆ పచ్చ మొహం చూసి నేను ఏడాది పాటు నిశ్చింతగా ఉన్నాను.

రెండో తరగతిలో సెక్షన్లు మార్చారు. యాప్‌లో ఒకటే లైను, '2-సి' అని. నోట్‌బుక్కుల మీద లేబుళ్లు మార్చి ఆ సంగతి మర్చిపోయాను. జూలై వచ్చేసరికి పొద్దున్న ఏడున్నరకి కడుపునొప్పి మొదలైంది. బొడ్డు చుట్టూ చెయ్యి పెట్టి చూపించేవాడు. టిఫిన్ బాక్స్ సగం అలాగే తిరిగొచ్చేది. పిల్లల డాక్టర్ పొట్ట నొక్కి చూసి, "మొన్న వానలకి సెలవులిచ్చారు కదా, అప్పుడొచ్చిందా నొప్పి?" అని అడిగారు. రాలేదు. ఆదివారాలూ రాదు. "ఈ వయసులో బెంగ కూడా కడుపునొప్పి లాగే వస్తుందమ్మా. మందు రాయను, స్కూల్లో ఏం మారిందో కనుక్కోండి" అన్నారు.

ఆ సాయంత్రం యాప్ తెరిచి చూస్తే ప్రెజెంట్, హోంవర్క్ సబ్మిటెడ్, పచ్చ మొహం. గొడవ చెయ్యని పిల్లాడు పచ్చగానే ఉంటాడు మరి. దిగులుగా మూల కూర్చున్నవాడికి ఏ రంగూ పెట్టలేదు.

అసలు సంగతి బస్సు ఆయమ్మ చెప్పింది. "బాబు ఈమధ్య కిటికీ వైపు తిరిగి కూర్చుంటున్నాడు మేడం. ఇదివరకు ఆ కళ్లజోడు బాబుతో దిగేదాకా కబుర్లే. ఇప్పుడా బాబు వాళ్ల క్లాసు పిల్లలతో కూర్చుంటున్నాడు." నలభై మంది పిల్లల్ని ఎక్కించి దించే మనిషికి తెలిసింది, రోజుకు ఐదారు మెసేజ్‌లు చదివే నాకు తెలియలేదు. క్లాస్ టీచర్‌ని కలిశాను. సెక్షన్ మార్చడం ఆవిడ చేతుల్లో లేదు. కానీ పక్క క్లాసు మేడంతో మాట్లాడి, రోజూ అటెండెన్స్ రిజిస్టర్లు ఆఫీసులో ఇచ్చి వచ్చే పని ఈ ఇద్దరికీ కలిపి అప్పగించారు. వినాయక చవితి నాటికి కడుపునొప్పి పోయింది.

క్లాసు వాట్సాప్ గ్రూపు సంగతి రెండు ముక్కల్లో తేలుస్తాను. సగం పుట్టినరోజు కేకులు, సగం 'రేపు ఏ నోట్‌బుక్ పంపాలండీ'. ఒకసారి ఒకావిడ ఫలానా పిల్లాడు తన కొడుకుని కొరికాడని పేరు పెట్టి రాసింది. ఆ పిల్లాడి తల్లి అదే గ్రూపులో ఉంది. మ్యూట్ చేసి పెట్టాను.

మూడో తరగతి సంగతి చెప్పడానికే అసలు ఇదంతా మొదలుపెట్టాను.

2024 నవంబర్‌లో మా నాన్న పోయారు. తెనాలి దగ్గర మా ఊరు. కబురు రాత్రి పదకొండింటికి వచ్చింది, వెంటనే కారులో బయల్దేరాం. సూర్యాపేట దాటాక టీ కోసం ఆగినప్పుడు, పొద్దున్నే స్కూల్ నుంచి ఆబ్సెంట్ ఫోన్ వస్తుందని గుర్తొచ్చి యాప్‌లో లీవ్ పెట్టబోయాను. కారణం ఎంచుకోమంది. సిక్, ఫ్యామిలీ ఫంక్షన్, ట్రావెల్, అదర్స్. అదర్స్ నొక్కితే డాక్యుమెంట్ అప్‌లోడ్ చెయ్యమంది. ఆ చీకట్లో, ఆ ఏడుపులో ఏం డాక్యుమెంట్ పెట్టను? ఫ్యామిలీ ఫంక్షన్ నొక్కి, ఫోన్ సంచిలో పడేశాను. పన్నెండు రోజుల లీవ్ అప్రూవ్డ్ అని వచ్చింది, పక్కన బెలూన్ బొమ్మతో.

పెద్దకర్మ అయ్యాక వచ్చాం. బడికి వెళ్లిన మూడో రోజు సాయంత్రం మొదటిసారి ఎర్ర మొహం. 'క్లాస్‌మేట్‌ని తోసేశాడు' అని. మా ఆయన కోప్పడ్డారు. వాడు ఏమీ చెప్పలేదు, అన్నం తిని పడుకున్నాడు. లైటు తీశాక నా వైపు తిరిగి అడిగాడు. "అమ్మా, తాతయ్యది ఫంక్షనా?"

మెల్లగా అడిగితే ఒక్కో ముక్కా బయటికొచ్చింది. అన్ని రోజుల తర్వాత వచ్చాడని టీచర్ ప్రేమగానే పలకరించారట, "ఫంక్షన్ బాగా జరిగిందా? ఏమేం తిన్నావు?" అని. ఆవిడ దగ్గరున్న లిస్టులో అలాగే ఉంది మరి. వీడు మాట్లాడకుండా నిలబడ్డాడు. అప్పట్నించి పక్క బెంచీ వాడు రోజూ "ఫంక్షన్, ఫంక్షన్" అని ఆటపట్టిస్తుంటే మూడో రోజు తోసేశాడు.

ఆ రాత్రి వాడి డైరీ తీశాను. ప్రతి పేజీ కింద 'పేరెంట్స్ రిమార్క్స్' అని రెండు గీతలుంటాయి. మూడేళ్లలో నేను అక్కడ రాసినవి సంతకం, 'హాఫ్ డే పర్మిషన్', ఒకసారి 'స్వెటర్ పోయింది'. అంతే. ఇంట్లో ఏం జరుగుతోందో బడికి ఒక్కసారీ చెప్పలేదు. స్కూల్ నాకేమీ చెప్పదని గొణుక్కోవడమే సరిపోయింది. గీతలు చాలక పక్క పేజీలోకీ రాశాను. తాతయ్య పోయారని, వేసవి సెలవులన్నీ వీడు ఆయన సైకిల్ వెనకే తిరిగేవాడని, ఆ లీవ్ కారణం నా పొరపాటని.

మర్నాడు రాత్రి ఎనిమిదింటికి టీచర్ ఫోన్ చేశారు. "తెలిసుంటే ఆ మాట అడిగేదాన్నే కాదమ్మా" అని ఆవిడే బాధపడ్డారు. ఆ తర్వాత శుక్రవారాలు డైరీలో ఒక లైను రాసి పంపడం మొదలుపెట్టారు. ఆవిడని నేను అడగలేదు కూడా. ఒక శుక్రవారం ఇలా ఉంది: 'ఈ రోజు బాక్స్ మొత్తం తిన్నాడు. డ్రాయింగ్ పీరియడ్‌లో సైకిల్ వేశాడు.' ఆ పేజీ ఫొటో తీసి మా అమ్మకు పంపాను.

మా అక్క కూతురు మా ఊళ్లోనే ప్రభుత్వ బడిలో అప్పుడు మూడో తరగతి. ఆ డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నిట్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు కదా, అక్క వెళ్లింది. ముగ్గుల పోటీ, పిల్లలతో కలిసి భోజనం. నాకు నచ్చింది మాత్రం వేరే. ఆ పిల్ల ఎందుకు డీలాగా ఉందో వాళ్ల టీచర్‌కి అక్క చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ మా నాన్న పెద్దకర్మ భోజనానికి వచ్చి వెళ్లారు. అలాగని అక్కడంతా బ్రహ్మాండమని కాదు. హఠాత్తుగా సెలవిస్తే పిల్ల గేటు దాకా వెళ్లి తిరిగొస్తుందని అక్క గొడవ అక్కది.

2020 జాతీయ విద్యా విధానంలో ప్రోగ్రెస్ కార్డు ఇంటికీ బడికీ మధ్య ముఖ్యమైన లంకె కావాలని రాశారు. మార్కులతో పాటు పిల్లలు తమ గురించి తాము, తోటి పిల్లల గురించి చెప్పుకునే భాగమూ ఉండాలన్నారు. మా స్కూల్లో కార్డు పేరు మారింది, రంగులొచ్చాయి. మీటింగ్ మాత్రం అదే టోకెన్, అదే ఐదు నిమిషాలు, మొదటి మాట మార్కులే. మధ్యలో ఎర్ర మొహాలను క్లాసులో పెద్ద స్క్రీన్ మీద పిల్లలందరికీ చూపించడం మొదలుపెట్టారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బల్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించిందని నలుగురు తల్లిదండ్రులం వెళ్లి చెప్పాక ఆపారు.

ఇప్పుడు నేను వాడే పద్ధతి వేరు. నోటిఫికేషన్లలో బస్సు, సర్క్యులర్లు తప్ప మిగతావి ఆపేశాను. జూన్ మొదటి వారంలోనే కొత్త టీచర్‌కి అరపేజీ ఉత్తరం రాసి డైరీలో పెడతాను. ఇంట్లో ఎవరెవరున్నారు, ఈ వేసవిలో ఏం మారింది, వాడికి దేనికి భయం, ఎవరితో స్నేహం. మీటింగ్‌లో నేనే ముందు అడిగేస్తాను, ఇంటర్వెల్‌లో ఎవరితో ఉంటాడు, బాక్స్ ఎవరి పక్కన కూర్చుని తింటాడు అని. ఈ ప్రశ్నకు జవాబు తడుముకునే టీచర్లూ ఉన్నారు. తప్పుపట్టను, వాళ్లకీ నలభై మంది. బ్రోషర్‌లో ఉన్న కౌన్సెలర్ వారానికి ఒకరోజు వస్తారు. అప్పటిదాకా ఆగలేని పరిస్థితి ఉంటే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

స్టార్లు ఇవ్వమంటే బస్సుకీ ఫీజుకీ ఐదుకి ఐదు. ఆ మొహం బొమ్మలకి ఒకటి, అదీ రంగులు బాగున్నాయని. తీసెయ్యమని మాత్రం చెప్పను, తీసేస్తే వానలో మళ్లీ గొడుగులు పట్టుకుని నిలబడాలి.

లీవ్ కారణాల్లో ఇంకో గడి పెట్టమని, డాక్యుమెంట్ అడగొద్దని రెండుసార్లు ఫీడ్‌బ్యాక్ రాశాను. పోయిన నెల అప్‌డేట్ వచ్చింది. తెరిచి చూశాను. కొత్తగా 'వెకేషన్' చేర్చారు.