ఎబ్రో డెల్టాలో నాలుగు రోజులు సైకిల్ మీద: నేల చదునే గానీ గాలి ఊరుకోదు

మా చిన్నదానికి పదకొండేళ్లు. సైకిల్ బాగానే తొక్కుతుంది గానీ వెనక కారు చప్పుడైతే చాలు, హ్యాండిల్ వంకర తిరుగుతుంది. అందుకని మే మొదట్లో నాలుగు రోజులు సెలవులు కలిసొచ్చినప్పుడు మా ఆయన రెండే షరతులు పెట్టారు: దారిలో కార్లు ఉండకూడదు, ఎత్తు ఎక్కే పని ఉండకూడదు. మేముండే బార్సిలోనా నుంచి దక్షిణంగా రెండున్నర గంటలు రైల్లో వెళ్తే, ఎబ్రో నది మధ్యధరా సముద్రంలో కలిసే చోట అలాంటి నేల దొరికింది. సుమారు 320 చదరపు కిలోమీటర్ల డెల్టా, అందులో దాదాపు 20 వేల హెక్టార్లు వరే. నేను పుట్టింది అమలాపురం పక్కన. "వరి చేలు చూడ్డానికి డబ్బులిచ్చి గది తీసుకున్నావా?" అని ఫోన్లో మా నాన్న ఒకటే నవ్వు.

మా ఇద్దరి సైకిళ్లూ రైల్లోనే తీసుకెళ్లాం. వాటికి వేరే టికెట్ అడగలేదు గానీ, చోటుంటేనే ఎక్కనిస్తారు. సెలవు రోజు పొద్దున్న బండి కిక్కిరిసిపోతుంది, కాబట్టి మొదటి బండికే వెళ్లడం మంచిది. చిన్నదానికి పాత సైకిల్ పొట్టిదైపోవడంతో తోర్తోసా ఊళ్లో అద్దెకు మాట్లాడుకున్నాం. రోజుకి 15 యూరోలు, చివర్లో ఇంకో స్టేషన్ దగ్గర వదిలేస్తే వాళ్లే వచ్చి తీసుకెళ్లడానికి మరో 20. ఆ ఏర్పాటు మాత్రం చాలా బాగుంది. కాకపోతే పిల్ల ఎత్తు వారం ముందే చెప్పినా పెద్దవాళ్ల సైకిల్ తెచ్చి నిలబెట్టారు. సరైనది వచ్చేసరికి పదకొండు దాటింది. ఎండలో బయల్దేరాల్సి వచ్చింది.

మొదటి రోజు దారి పాత రైలు కట్ట. 1942లో తోర్తోసా దాకా వచ్చిన మరో రైలు మార్గాన్ని 1973లో మూసేశారు. తర్వాత పట్టాలు తీసేసి నడిచేవాళ్లకీ, సైకిళ్లకీ ఇచ్చేశారు. ఊరి మధ్యలో నది మీద ఎర్ర రంగు రైలు వంతెన ఉంది, దారి దాని మీదుగానే పోతుంది. అక్కడి నుంచి చేర్తా ఊరు దాకా పదమూడు కిలోమీటర్లు నారింజ తోటలే. చివరి పూత ఇంకా ఉంది, ఆ వాసనకి మా ఆయన రెండుసార్లు సైకిల్ ఆపారు. దారి శుభ్రంగా ఉంది, గుర్తులు బాగున్నాయి, పిల్లలకి ఇంతకంటే భద్రమైనది దొరకదు. అయితే రైలు కట్ట రైలు కట్టే. రెండు పక్కలా తోటల కంచెలు, ముందు తిన్నని దారి. గంటయ్యాక చిన్నది "అమ్మా, ఇంకేం రాదా?" అంది.

వచ్చింది. చేర్తా దాటాక నదికి అడ్డంగా, ఐమూలగా కట్టిన పాత ఆనకట్ట. నీళ్లు దాని మీంచి తెల్లగా జారుతున్నాయి. కుడి గట్టుకొకటి, ఎడమ గట్టుకొకటి రెండు కాలువలు ఇక్కడే పుట్టి కింద డెల్టా మొత్తాన్నీ తడుపుతాయి. పడవలు దాటడానికి లాకు కూడా ఉంది. ధవళేశ్వరం చూసినవాళ్లకి ఇక్కడ ఎవరూ ఏమీ విడమర్చి చెప్పక్కర్లేదు. కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. ఇక్కడి కుడి కాలువ కూడా ఇంచుమించు ఆ కాలందే, ఎడమ కాలువ మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. ఈ ఒక్క చోటు కోసమైనా మొదటి రోజు ఇటు రమ్మంటాను. ఇంకా పైకి వెళ్తే సొరంగాలు వస్తాయి, సైకిల్‌కి లైటు లేకుండా వెళ్లొద్దు. మేం వెనక్కి తిరిగాం.

రెండో రోజు నది వెంట అంపోస్తా. పదిహేను కిలోమీటర్లు ఇట్టే అయిపోయాయి, ఎందుకంటే గాలి వీపు మీద ఉంది. అంపోస్తాలో 1921 నాటి వేలాడే వంతెన చూసి, నీళ్లు నింపుకుని కదిలాం. అక్కడి నుంచి అసలు డెల్టా మొదలు.

నీళ్లు కట్టిన మళ్లు. ఎటు చూసినా ఆకాశం రెండు ఉన్నట్టు ఉంది. ఏప్రిల్‌లో నీళ్లు వదులుతారు, మేలో విత్తుతారు. ఊడ్పులు లేవు, ట్రాక్టర్ నీళ్లలో తిరుగుతూ విత్తనం వెదజల్లుతుంది, దాని వెనక కొంగల గుంపు. వంగి నాటే కూలీల వరస కోసం నా కళ్లు వెతికాయి గానీ కనిపించలేదు. పచ్చగా చూడాలంటే జూలైలో, కోతలకైతే సెప్టెంబర్‌లో రావాలి. నాకు మే నచ్చింది, దోమలు ఇంకా ముమ్మరం కాలేదు కాబట్టి. అయినా సాయంత్రం ఏడు దాటాక పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

ఈ కాలువ గట్ల దారులకి పేర్లు లేవు, ప్రచారం లేదు. కొన్ని తారు, కొన్ని మట్టి. మన పుంతల్లాగే ఎప్పుడో ఒక ట్రాక్టర్ వస్తుంది, రైతు చెయ్యి ఊపి నెమ్మదిస్తాడు. గంటలో రెండు మూడు బండ్లకి మించి కనిపించలేదు. కార్ల బెడద లేని దారి కావాలంటే బోర్డులు పెట్టిన రైలు కట్ట కంటే నా ఓటు వీటికే. ఒకటే తిరకాసు, పెద్ద కాలువ అడ్డొస్తే వంతెన దాకా చుట్టి రావాలి. ఫోన్లో మ్యాప్ ముందే దింపుకోండి.

ఒక తూము గోడకి గులాబీ రంగు గుడ్ల గుత్తులు అంటుకుని ఉన్నాయి. చిన్నది ముచ్చటపడి ఫోటో తీసింది. అవి ఆపిల్ నత్త గుడ్లని తర్వాత తెలిసింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ నత్త 2009లో ఇక్కడ బయటపడింది, లేత వరిని తినేస్తుంది. దాన్ని చంపడానికి కొన్ని చేలకు సముద్రపు నీరు పెట్టారట. వరి చేలో ఉప్పు నీరు! మా నాన్నకి చెప్తే ఈసారి నవ్వలేదు.

బస విషయానికొస్తే, రెండో రాత్రి పోబ్లెనౌ అనే ఊళ్లో ఉన్నాం. 1950లలో స్పెయిన్ నియంత ఫ్రాంకో ప్రభుత్వం రైతుల్ని స్థిరపరచడానికి కట్టించిన ఊరు, తెల్ల ఇళ్లు, తిన్నని వీధులు. రాత్రికి 85 యూరోలు, చిన్న వంటిల్లు, సైకిళ్లకి తాళం వేసే కొట్టు. ఇంటావిడ పంపు కూడా ఇచ్చింది. బురద గోడలు, రెల్లు కప్పు ఉన్న బర్రాకలు అనే పాతకాలపు ఇళ్లు కూడా అద్దెకిస్తారు. ఫోటోకి బాగుంటాయి, మేం అడిగిన దానికి ధర రెట్టింపు. నాలుగో రోజు ముందు రాత్రి సముద్రం ఒడ్డున దిగాం. అదే మా పొరపాటు. గది ఇరుకు, ధర 110, పక్క గదిలో అర్ధరాత్రి దాకా పాటలు, పొద్దున్న అడిగితే సమాధానం లేదు. ఒడ్డు చూడ్డానికి వెళ్లండి, పడుకోడానికి మధ్య ఊళ్లే నయం.

శాకాహారులకి వంటిల్లు చాలా ముఖ్యం. ఇక్కడ హోటల్ అన్నంలో ఈల్ చేపో, బాతో, రొయ్యో ఉంటుంది. మాంసం లేకుండా అంటే చేప వేస్తారు, చేప కూడా వద్దంటే ఆలోచనలో పడతారు. టమాటా రుద్దిన రొట్టె, బంగాళాదుంప ఆమ్లెట్, కాల్చిన వంకాయ, మిరపకాయ, ఇంతే. మధ్యాహ్నం మూడున్నర దాటితే వంటింటికి తాళం, రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరవరు. కొట్లు కూడా మధ్యాహ్నం మూసేస్తారు. మేం రైతుల సహకార సంఘం కొట్లో బియ్యం కొన్నాం. బోంబా రకం నీళ్లు ఎంత తాగినా పగలదు, పులిహోర పొడిపొడిగా వచ్చింది, మెతుకు మాత్రం గుండ్రంగా, లావుగా. బాహియా రకం మెత్తబడుతుంది, పరమాన్నానికి దాన్ని మించింది లేదు.

మూడో రోజు పోబ్లెనౌ చుట్టూ ఎంకన్యిసాదా, తంకాదా అనే రెండు మడుగులు తిరిగాం, పాతిక కిలోమీటర్ల లోపే. ఎంకన్యిసాదా ఒడ్డున వేటగాళ్ల కోసం కట్టిన కొయ్య ఇల్లు ఉంది, ఇప్పుడు సమాచార కేంద్రం. అక్కడి మ్యాప్ తీసుకోండి, బాగా పనికొచ్చింది. ఫ్లెమింగోలు వందల్లో ఉన్నాయి. పులికాట్‌లో దూరంగా గులాబీ చుక్కల్లా చూశాను, ఇక్కడ గట్టు మీంచి ముక్కులు కూడా కనిపించాయి. మడుగుల అవతల త్రబుకాదోర్ అనే సన్నటి ఇసుక పట్టీ, ఇటు సముద్రం, అటు బే. 2020 జనవరి తుపానులో తెగిపోయింది. పైన 1960లలో కట్టిన డ్యాములు ఒండ్రు ఆపేయడంతో డెల్టా అంచు కరుగుతోంది. ఉప్పాడ రోడ్డు గుర్తొచ్చింది. గట్టి ఇసుక మీద కిలోమీటరు తొక్కాం, మెత్త ఇసుక వచ్చాక దిగి నెట్టాం. తిరిగొస్తుంటే నా టైరులో పోయినేటి ఎండు పల్లేరు కాయ దిగింది. పల్లేరు ముల్లు కూడా మనల్ని వదలదు! రెండు ట్యూబులు, అతుకుల డబ్బా దగ్గరుంచుకోండి. అంపోస్తా దాటాక సైకిల్ రిపేరు కొట్టు మాకెక్కడా కనిపించలేదు.

ఆ సాయంత్రమే పాసదోర్ వంతెన దాటి ఎడమ గట్టుకి, అక్కడి నుంచి ఒడ్డుకి వెళ్లాం. 2010లో ఈ వంతెన వచ్చే దాకా మనుషులు, బండ్లు పంటు మీద దాటేవట. బుడా లంకని మేం దూరం నుంచే చూశాం. ఫంగార్ అనే ఇసుక కొసన ఉన్న లైట్‌హౌస్ దాకా పక్షులు గుడ్లు పెట్టే కాలంలో దారి మూసేస్తారు. దాని కోసమే వచ్చేవాళ్లు తేదీలు చూసుకోవాలి.

నాలుగో రోజు గాలి సంగతి తెలిసొచ్చింది. నది లోయలోంచి వాయవ్యం నుంచి వచ్చే మెస్ట్రాల్ అనే గాలి పొద్దున్నే లేచింది. ఒడ్డు నుంచి అల్దేయా స్టేషన్‌కి పాతిక కిలోమీటర్లు, పూర్తిగా ఎదురుగాలి. చెట్టు లేదు, గోడ లేదు. ఏటవాలు ఎక్కితే దిగేటప్పుడన్నా సుఖం, ఈ గాలికి దిగుడు లేదు. చిన్నది రెండు చోట్ల దిగి ఏడ్చింది. మా ఆయన ముందు, మధ్యలో పిల్ల, వెనక నేను, గంటన్నర అనుకున్నది మూడు గంటలు పట్టింది. మళ్లీ వెళ్తే ఒడ్డుని మూడో రోజు పొద్దున చూసేసి, చివరి రాత్రి స్టేషన్‌కి దగ్గరగా అంపోస్తాలో పడుకుంటాను. పిల్లలున్నవాళ్లు ముందు రోజు గాలి సూచన చూసుకుని, మెస్ట్రాల్ ఉంటే ఏ టాక్సీ వ్యానో మాట్లాడుకోవడం మేలు.

మా రైలు పది నిమిషాల ముందే వెళ్లిపోయింది. పక్క బండికి రెండు గంటలు. అద్దె సైకిల్ తీసుకెళ్లడానికి మనిషి వచ్చాడు, సీటు కింద ఇసుక దులిపి ఏమీ అనకుండా వ్యాన్‌లో పెట్టుకున్నాడు. స్టీలు డబ్బాలో మిగిలిన పరమాన్నం ప్లాట్‌ఫారం మీద కూర్చుని తిన్నాం. గాలికి అందులో కొంచెం ఇసుక కూడా పడింది.