రెడ్‌హిల్స్‌లో రూము, లకిడీకాపూల్‌లో లాడ్జి: క్యాన్సర్ పేషెంటుతో హైదరాబాద్ వచ్చేవాళ్ల కోసం

బావకి చిగుళ్లలోంచి రక్తం, కాళ్ల మీద ఎర్ర చుక్కలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయంటే ఖమ్మంలో అందరం డెంగ్యూ అనే అనుకున్నాం, స్మియర్ (రక్తపు చుక్కని మైక్రోస్కోపు కింద పెట్టి) చూసిన డాక్టర్‌గారు మాత్రం అక్కని పక్కకి పిలిచి ఇది బ్లడ్ క్యాన్సర్‌లా ఉందమ్మా, ఆగకుండా హైదరాబాద్ తీస్కెళ్లండి అన్నారు. అక్యూట్ లుకేమియా, అంటే వేగంగా ముదిరే ఈ రకం బ్లడ్ క్యాన్సర్‌లో మిగతా క్యాన్సర్లలాగా స్టేజీ ఎంత అనే లెక్క ఉండదంట, రోజుల్లో వైద్యం మొదలెట్టాలి, అంతే. అదే రాత్రి బయల్దేరాం.

హాస్పిటల్ ఏదనేది మీ కార్డు, మీ డబ్బు, ఎక్కడ బెడ్ దొరికితే అక్కడ అన్నట్టే ఉంటుంది. రెడ్‌హిల్స్‌లో ఎమ్మెన్‌జే 1955 నుంచి ఉన్న గవర్నమెంటు క్యాన్సర్ ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో బసవతారకం 2000లో మొదలైన ట్రస్టుది, పంజాగుట్టలో నిమ్స్. మేం ఎక్కడ చూపించామో రాయట్లేదు, దాని మీద కామెంట్ల యుద్ధం నాకొద్దు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు, కాబట్టి రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు బ్యాగులో పడేస్కోండి, వెళ్లగానే ఆ ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో అడగండి. డాక్టర్ రౌండ్స్ కంటే ఆ టేబుల్ దగ్గరే ఎక్కువసేపు నిలబడాల్సొస్తది.

ఇక బస. ముందు లకిడీకాపూల్ వైపు ఒక లాడ్జిలో దిగాం. ఏసీ బాగుంది, దుప్పట్లు శుభ్రం, టీవీ ఉంది, మామూలు టూరిస్టుకైతే మంచి మార్కులే ఇస్తా. కానీ రూము మూడో ఫ్లోర్, లిఫ్ట్ ఎప్పుడు చూసినా రిపేరు, వేడినీళ్లు కావాలంటే రిసెప్షన్‌కి ఫోన్ కొట్టి బతిమాలాలి. కీమో మొదటి విడత అయ్యి డిశ్చార్జ్ చేశాక బావ మాస్కు పెట్టుకుని మెట్లెక్కుతుంటే మేనేజర్ చూసి, సాయంత్రం నన్ను పిలిచి "సార్, మిగతా కస్టమర్లు ఇబ్బంది పడుతున్నారు, రేపు వేరే చూస్కోండి" అన్నాడు. క్యాన్సర్ అంటుకోదు బాబూ అని ఎంత చెప్పినా వినలేదు. అక్క ఏం మాట్లాడకుండా బట్టలు సర్దింది.

తర్వాత రెడ్‌హిల్స్ సందుల్లో ఒక ఇంట్లో రూము దొరికింది, పేషెంట్ల వాళ్లకే ఇస్తారు, రోజుకి 700. గోడల పెచ్చులూడాయి, దోమలు, పక్కింటి కోడి తెల్లారకముందే లేస్తది. కానీ కింద ఫ్లోర్, వెస్ట్రన్ టాయిలెట్, గ్యాస్ స్టవ్, గుమ్మం ముందుకే ఆటో వస్తది. నన్నడిగితే ఇదే ఫైవ్ స్టార్. ఎందుకంటే కీమో తర్వాత కౌంట్స్, అంటే రక్తకణాలు, పడిపోయినప్పుడు పచ్చి ఉల్లిపాయ, కోసి పెట్టిన పళ్లు, బయటి చట్నీలు ఏవీ వద్దన్నారు, అప్పటికప్పుడు వండిన వేడన్నమే పెట్టాలి, స్టవ్ లేని రూములో అదెట్లా కుదురుద్ది.

అసలు సంగతి జ్వరం. డిశ్చార్జ్ అప్పుడే నర్సు థర్మామీటర్ చేతిలో పెట్టి, 100.4 తగిలిందంటే తెల్లారేదాకా ఆగొద్దు, డోలో వేసి చూద్దాం అనొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి రండి, గంట లోపల యాంటీబయాటిక్ పడాలి అని చెప్పింది. తెల్లకణాలు లేని మనిషికి మామూలు ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో ప్రాణం మీదకి తెస్తదంట. ఒక అర్ధరాత్రి బావకి వణుకొచ్చింది, చూస్తే 100.9.

"ఒరే, ఇప్పుడే కునుకు పట్టింది కదరా, పొద్దున్నే పోదాంలే" అంది అక్క.

"లేదక్కా, లేపు" అన్నా. యాప్‌లో క్యాబ్‌వాళ్లు దగ్గర దూరమని ఒకరి తర్వాత ఒకరు క్యాన్సిల్ కొట్టారు, ఇంటి ఓనరమ్మ నైటీ మీద చున్నీ వేస్కుని బయటికొచ్చి సందు చివర పడుకున్న ఆటో అతన్ని లేపుకొచ్చింది. దూరంగా కూకట్‌పల్లిలో మా చుట్టాలింట్లో ఉండుంటే ఆ రాత్రి ఎట్లా ఉండేదో ఆలోచించను. చుట్టాలు మంచోళ్లే, ఫ్లాట్ పెద్దదే, కానీ రూము ఎంచుకునేటప్పుడు రాత్రి రెండింటికి జ్వరమొస్తే ఎన్ని నిమిషాల్లో చేరతామన్నదే మొదట చూడండి, తర్వాతే అద్దె.

బ్లడ్ బ్యాంకు, ప్లేట్‌లెట్లు ఎక్కించడం గురించి కూడా. ఎస్‌డీపీ (సింగిల్ డోనర్ ప్లేట్‌లెట్స్) అంటే ఒక్క డోనర్ దగ్గర మెషీన్ మీద ప్లేట్‌లెట్లు మాత్రమే తీసి మిగతా రక్తం మళ్లీ ఎక్కించేస్తారు, గంటన్నర దాకా పడుతుంది, పెదాలు జివ్వుమంటాయి, అడిగితే కాల్షియం ట్యాబ్లెట్ ఇస్తారు. సంచిలో చూస్తే గంజిలో పసుపు కలిపినట్టుంటుంది. అయిదు రోజులకి మించి నిల్వుండదు, అందుకని డోనర్లందర్నీ ఒకేరోజు రప్పించుకోవద్దు, లిస్టు రాసుకుని విడతలుగా పిలవండి. మూడు రోజుల్లోపు ఆస్ప్రిన్ వేస్కున్నవాళ్లని వెనక్కి పంపేస్తారు, ఊరి నుంచి రప్పించే ముందే ఫోన్లో అడగండి. మా ఊరి కుర్రాళ్లు ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కి లకిడీకాపూల్‌కి వచ్చేవాళ్లు, లైన్ మారే పని లేదు, ట్రాఫిక్ గోల లేదు. మెట్రోకి పూర్తి మార్కులు.

అటెండర్ల తిండికి జీహెచ్ఎంసీ వాళ్ల అయిదు రూపాయల భోజనం 2014 నుంచి ఉంది, అన్నపూర్ణ అనేవాళ్లు, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్ అని పేరు మార్చారు. సాంబారు ఒక్కోరోజు పల్చగా ఉంటది, అన్నం మాత్రం వేడిగా పెడతారు, లేటైతే అయిపోతది. పేషెంటుకి కాదు, మనకి.

రైల్లో వచ్చేవాళ్లకి: ఆసుపత్రిలో కన్సెషన్ ఫారం మీద డాక్టర్ సంతకం, స్టాంపు వేయించుకుంటే పేషెంటుకి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తిగా ఫ్రీ, తోడొచ్చే ఒకరికి 75 శాతం తగ్గింపు. కౌంటర్లోనే తీస్కోవాలి. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, పక్క బెడ్ ముసలాయన చెప్పాడు. వచ్చే విడత కీమోకి అదే రూము మాట్లాడేశాం, ఓనరమ్మ అడ్వాన్స్ వద్దంది, దోమతెర మాత్రం మీరే తెచ్చుకోండి అంది.