ఏఐ ఏజెంట్ల ఆడిట్ లాగ్‌ల కోసం క్లౌడ్‌ట్రెయిల్: చాలాకాలం వాడాక

ఫలానా ఏజెంట్ రాత్రి ఏం చేసింది, ఏ రోల్‌తో (ఏ అనుమతుల గుర్తింపుతో) చేసింది అని సెక్యూరిటీ టీమ్ అడిగితే, అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో ముందు చూసేది, అకౌంట్‌లో జరిగిన కాల్స్‌ని రికార్డు చేసే క్లౌడ్‌ట్రెయిల్‌నే. ఏడబ్ల్యూఎస్‌లో ఏఐ మోడళ్లు అందించే బెడ్‌రాక్ మీద నడిచే ఏజెంట్ల లాగ్‌లు తీయడానికి చాలాకాలంగా దీన్నే వాడుతున్నాం. లాగ్ బయటికి తీయడం తేలికే. తీసిన దాంట్లో ఏ పని ఏ ఏజెంట్‌దో తెలియాలంటే మాత్రం కొన్ని ఏర్పాట్లు ముందే చేసి ఉండాలి.

క్లౌడ్‌ట్రెయిల్‌లో వెతికే లుకప్-ఈవెంట్స్ కమాండ్‌కి సెటప్ అక్కర్లేదు, విడిగా ఖర్చూ లేదు. గత 90 రోజుల మేనేజ్‌మెంట్ ఈవెంట్లు (డిఫాల్ట్‌గా రికార్డయ్యే కాల్స్) ఇస్తుంది, అదీ ఒక్కో రీజియన్‌కి విడివిడిగా. చిక్కేమిటంటే ఫిల్టర్‌కి ఒక్క అట్రిబ్యూటే తీసుకుంటుంది. యూజర్‌నేమ్ ఇస్తే ఈవెంట్ పేరు ఇవ్వడం కుదరదు, మిగతా వడపోత మనమే చేసుకోవాలి. పేజీకి 50 ఈవెంట్లు, సెకనుకు 2 రిక్వెస్టులు. అంటే లక్ష ఈవెంట్లు లాగాలంటే దాదాపు 17 నిమిషాలు. ఈ కోటా ఒక్కో రీజియన్‌లో అకౌంట్ మొత్తానికీ కలిపి కాబట్టి, అదే రీజియన్‌లో పక్కన ఇంకో స్క్రిప్ట్ నడుస్తుంటే థ్రాట్లింగ్ (వేగ పరిమితి దాటిన) ఎర్రర్లు మొదలవుతాయి. స్టార్ట్-టైమ్, ఎండ్-టైమ్ రెండూ ఇచ్చి గంట గంటగా తీయడమే నయం. ఇంకోటి: అసలు వివరాలుండే క్లౌడ్‌ట్రెయిల్ ఈవెంట్ ఫీల్డ్ జేసన్ లోపల స్ట్రింగ్‌గా వస్తుంది. జేసన్ చదివే టూల్ జేక్యూలో ఫ్రమ్‌జేసన్ వేయకపోతే లోపలి ఫీల్డులేవీ దొరకవు.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడ. మోడల్‌ని పిలిచే ఇన్వోక్‌మోడల్, కన్వర్స్ కాల్స్ మేనేజ్‌మెంట్ ఈవెంట్లు, కాబట్టి కనిపిస్తాయి. ఏజెంట్‌ని పిలిచే ఇన్వోక్‌ఏజెంట్ మాత్రం డేటా ఈవెంట్, అంటే విడిగా ఆన్ చేస్తేనే రికార్డయ్యే రకం. లుకప్‌లో ఎంత వెతికినా రాదు. అది చూసి ‘ఏజెంట్ అసలు నడవనే లేదు’ అని రిపోర్టు రాస్తే తప్పే. నాలెడ్జ్ బేస్ నుంచి జరిగే రిట్రీవ్, ఏజెంట్ పిలిచే లాంబ్డా ఫంక్షన్ ఇన్వోక్, ఎస్3 స్టోరేజ్‌లోని ఫైల్ చదవడం కూడా ఈ కోవలోవే. వీటికి ట్రెయిల్ (లాగ్‌లని ఎస్3 బకెట్‌కి పంపే ఏర్పాటు) పెట్టి, అడ్వాన్స్‌డ్ ఈవెంట్ సెలెక్టర్లలో ఆయా రిసోర్స్ టైపులు చేర్చాలి. ఆన్ చేసిన క్షణం నుంచే రికార్డవుతాయి, పాతవి తిరిగి రావు. డేటా ఈవెంట్లకు డబ్బు పడుతుంది. అందుకని ఎస్3కి మొత్తం బకెట్లన్నీ కాకుండా ఏజెంట్ ముట్టుకునే బకెట్ల ఏఆర్‌ఎన్‌లే (రిసోర్స్‌ని గుర్తించే పూర్తి పేర్లు) ఇవ్వండి.

ఇక గుర్తింపు సంగతి. రోల్‌తో వచ్చిన కాల్స్‌లో యూజర్‌నేమ్‌గా కనిపించేది రోల్ సెషన్ నేమ్. ఈసీ2 సర్వర్‌లో అది ఇన్‌స్టెన్స్ ఐడీ, లాంబ్డాలో ఫంక్షన్ పేరు. ఒకే మెషీన్‌లో నాలుగు ఏజెంట్లు ఆ మెషీన్ రోల్‌తోనే నడిస్తే నాలుగూ లాగ్‌లో ఒకటే. ప్రతి టాస్క్‌కీ అస్యూమ్‌రోల్ చేసి (రోల్‌ని తాత్కాలికంగా తీసుకుని), సెషన్ నేమ్‌లో ఏజెంట్ పేరు, టాస్క్ ఐడీ పెట్టండి. 2 నుంచి 64 అక్షరాల వరకే, స్పేస్ గానీ స్లాష్ గానీ ఒప్పుకోదు. ఏజెంట్ మళ్లీ ఇంకో రోల్‌లోకి వెళ్తే సెషన్ నేమ్ మారిపోవచ్చు, సోర్స్ ఐడెంటిటీ (మొదట పని మొదలుపెట్టింది ఎవరో చెప్పే పేరు) మాత్రం మారదు. కాకపోతే దారిలో ఉన్న ప్రతి రోల్ ట్రస్ట్ పాలసీలోనూ (ఆ రోల్‌ని ఎవరు తీసుకోవచ్చో చెప్పే నియమాల్లో) సెట్‌సోర్స్‌ఐడెంటిటీ అనుమతి ఉండాలి. ఒక్కచోట మరిచినా యాక్సెస్ డినైడ్.

ప్రాంప్టు, మోడల్ జవాబు క్లౌడ్‌ట్రెయిల్‌లో ఉండవు. వాటికి బెడ్‌రాక్‌లో మోడల్ ఇన్వొకేషన్ లాగింగ్ విడిగా ఆన్ చేయాలి, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. 100 కేబీ దాటిన బాడీ (ప్రాంప్టు లేదా జవాబు పాఠం) లాగ్‌లో కాకుండా ఎస్3లో వేరే ఆబ్జెక్టుగా పడుతుంది, ఆ బకెట్ ఇవ్వడం మరవకండి. రెండు లాగ్‌లనూ రిక్వెస్ట్ ఐడీతో కలుపుకోవచ్చు. ప్రాంప్టుల్లో కస్టమర్ల వివరాలుంటాయి గనుక ఈ బకెట్ అనుమతులు ఆడిట్ బకెట్ కన్నా బిగువుగా ఉండాలి.

వరుస క్రమం విషయంలో క్లౌడ్‌ట్రెయిల్‌ని నమ్ముకోవద్దు. ఈవెంట్ టైమ్ యూటీసీలో, సెకను వరకే ఉంటుంది. ఏజెంట్ ఒకే సెకనులో అయిదారు కాల్స్ చేసేస్తుంది, వాటిలో ఏది ముందో ఈ లాగ్ చెప్పలేదు. ఫైళ్లలోనూ వరుసగా పడవు. స్టెప్ నంబర్లు ఏజెంట్ సొంత ట్రేస్‌లోనే రాసుకోవాలి. ట్రెయిల్ ఫైళ్లు ఎస్3కి చేరడానికి సగటున 5 నిమిషాలు పడుతుంది, కాబట్టి తప్పు చేస్తున్న ఏజెంట్‌ని అప్పటికప్పుడు ఆపడానికి ఇది పనికిరాదు.

నిజంగా మెచ్చుకోవాల్సింది ఇంటెగ్రిటీ వ్యాలిడేషన్. గంటకోసారి డైజెస్ట్ ఫైల్ వస్తుంది, అందులో ఒక్కో లాగ్ ఫైల్‌కి ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ (ఫైల్ మారితే మారిపోయే ముద్ర) ఉంటుంది. వ్యాలిడేట్-లాగ్స్ కమాండ్ నడిపితే ఎవరైనా ఫైల్ మార్చారా, తీసేశారా అన్నది తేలిపోతుంది. అయితే ఫైళ్లు మొదట పడిన చోటే ఉండాలి. ఆర్కైవ్ బకెట్‌కి తరలించేస్తే ఈ కమాండ్‌తో తనిఖీ కుదరదు. తరలించాల్సే వస్తే ముందు కమాండ్ నడిపి, దాని అవుట్‌పుట్‌ని కూడా ఫైళ్లతో పాటు దాచండి.